జబ్బులో నలుగురితో కలిసి ప్రార్థించడం: అది ఏమిస్తుంది, ఏమివ్వదు

"ప్రార్థన చేస్తే జబ్బు తగ్గుతుందా సిస్టర్?"

ఓపీ చీటీ చేతిలో పట్టుకొని ఈ ప్రశ్న అడిగేవారు మాకు వారానికి ఒకరైనా ఎదురవుతారు. కిషన్‌బాగ్ వైపు నుంచి వచ్చే అమ్మీలు "దువాతో షిఫా వస్తదా?" అని అడుగుతారు. పురానాపూల్ వైపు నుంచి వచ్చే అక్కలు "మొక్కుకుంటే తగ్గుతదా?" అంటారు. మాటలు వేరు, వెనుక ఉన్న భయం ఒకటే. ఈ సంచికలో ఆ ప్రశ్నకు మాకు తెలిసినంతలో దాపరికం లేకుండా జవాబు చెప్పాలనుకున్నాము.

ముందు మా వరండా సంగతి చెప్పాలి. సాయంత్రం వార్డు రౌండ్లు అయిపోయాక, లేచి నడవగలిగిన రోగులు, వారి వెంట ఉన్నవారు, డ్యూటీ దిగిన సిస్టర్లు కొందరు వరండాలో కూర్చుంటారు. పాస్టర్ గారు ఒక చిన్న వాక్యభాగం చదువుతారు. ఆ తర్వాత పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ఎవరి దేవుణ్ణి వారు తలుచుకోవచ్చు. మొదట్లో ఇది మా సంఘస్తులకు మాత్రమే అన్నట్టు జరిగేది. ఒకరోజు తాడ్‌బన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, మనవడు వార్డులో ఉన్నాడు, గుమ్మం దగ్గర నిలబడి, "మీ ప్రార్థన మీరు చేసుకోండి, నేను పక్కన కూసోని నా దువా చేసుకుంట, పర్వాలేదా?" అని అడిగింది. తస్బీ ఆమె చేతిలోనే ఉంది. పాస్టర్ గారు తన కుర్చీ ఆమెకిచ్చి తాను మెట్టు మీద కూర్చున్నారు. అప్పటినుంచి ఆ కూడిక పద్ధతే మారిపోయింది. ఇక్కడ ఎవరి మతం మార్చడానికీ ప్రార్థన చేయము. జబ్బులో ఉన్నవాని బలహీనతను అందుకు వాడుకోవడం ఆసుపత్రికీ తగదు, దేవుని పేరుకూ తగదు.

జబ్బు వచ్చినప్పుడు జనం కూడి మొక్కుకోవడం మన ఊరికి కొత్త కాదు. బహదూర్‌పురా నుంచి నాలుగు అడుగులు వేస్తే కనబడే చార్మినార్‌ను 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. నగరంలో ప్లేగు తగ్గాలని ఆయన దేవుణ్ణి వేడుకున్నాడనీ, తగ్గినందుకు గుర్తుగా దీన్ని కట్టించాడనీ తరతరాలుగా చెప్పుకొంటారు. హిజ్రీ 1000వ సంవత్సరానికి గుర్తుగా కట్టించాడని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు. ఏది నిజమైనా, తమ ఊరి మధ్యలో నిలబడ్డ కట్టడానికి జనం ఒక జబ్బునూ ఒక ప్రార్థననూ ముడివేసి చూసుకున్నారన్నది గమనించవలసిన విషయం. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల కథ కూడా అలాంటిదే. 1813లో అంటువ్యాధి ప్రబలినప్పుడు సైన్యంలో పనిచేస్తూ ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అక్కడి అమ్మవారికి మొక్కుకున్నాడనీ, తిరిగివచ్చి 1815లో ఇక్కడ విగ్రహం నిలిపాడనీ చెబుతారు. ఆషాఢంలో లాల్‌దర్వాజా వైపు బోనాలతో వెళ్లే ఆడవాళ్లను అడిగి చూడండి, "పిల్లలు సల్లగుండాలె" అనే మాటే ముందు వస్తుంది. ఆ రోజుల్లో ప్లేగుకు మందు లేదు, కలరాకు సెలైన్ లేదు. ఉన్నదల్లా కూడి మొక్కుకోవడమే. మన కాలంలో మందూ ఉంది, కూడికా ఉంది. ఒకటి పట్టుకొని రెండోది వదిలేసేవారిని చూసినప్పుడే మాకు దిగులు.

జబ్బు శరీరానికి చేసే హాని అందరికీ తెలుసు. మనిషిని ఒంటరివాణ్ణి చేయడం దాని రెండో పని, అది అంతగా కంటికి కనబడదు. టీబీ అని తెలియగానే ఇంట్లో కంచం, గ్లాసు వేరవుతాయి. క్యాన్సర్ అనగానే చుట్టాలు గొంతు తగ్గించి మాట్లాడతారు, పేరు చెప్పకుండా "ఆ జబ్బు" అంటారు. ఫిట్స్ వచ్చే అమ్మాయిని పెళ్లిళ్లకు తీసుకెళ్లరు. పూర్వం కుష్ఠు రోగులకైతే గుడిలోనూ, మసీదులోనూ, చర్చిలోనూ చోటు లేదు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు ఆసుపత్రి పెట్టింది ఆ రోజుల్లోనే. నర్సాగౌడ్ గారు ఇచ్చిన విరాళంతో 1915లో అది తెరుచుకుంది. తర్వాత్తర్వాత అక్కడ హిడ్నోకార్పస్ నూనె సూదులు వేసేవారు. ఆ సూది నొప్పి ఇంతా అంతా కాదు, అదీ ఏళ్ల తరబడి వేయించుకోవాలి. 1940లలో డాప్సోన్ వచ్చేదాకా, 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసేదాకా కుష్ఠు రోగి ఓపికే సగం మందు. ఊరు వెళ్లగొట్టిన మనిషి, పక్కన తనలాంటి మరొకడు లేకుండా, అంతకాలం చికిత్సలో నిలవడం మాటలు కాదు.

కలిసి కూర్చోవడం చికిత్సకు ఎలా తోడ్పడుతుందో చూపిన మొదటి వైద్యుల్లో ఒకరు అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన డాక్టర్ జోసెఫ్ ప్రాట్. 1905లో ఆయన బీద టీబీ రోగుల కోసం ఒక "తరగతి" మొదలుపెట్టారు. శానిటోరియంలో ఉండే స్థోమత వారికి లేదు. టీబీకి మందు కూడా అప్పటికి లేదు. ఆరుబయటి గాలి, విశ్రాంతి, మంచి తిండి, అంతే. ఆ తరగతికి డబ్బు సమకూర్చింది ఆ ఊరి ఇమ్మానుయేలు చర్చి. రోగులు వారానికోసారి కలిసేవారు. ప్రతి ఒక్కరికీ ఒక నోటుపుస్తకం. రోజూ జ్వరం ఎంత, ఏమి తిన్నారు, ఎంతసేపు విశ్రాంతి తీసుకున్నారు అన్నీ అందులో రాసుకొని తీసుకురావాలి. బరువు పెరిగినవారిని అందరి ముందూ మెచ్చుకొనేవారు. నర్సు ఇళ్లకు వెళ్లి చూసి వచ్చేది. అందరికీ ఒకేసారి చెబితే వేళ కలిసివస్తుందని డాక్టర్ గారు మొదలుపెట్టిన పని అది. కొన్నాళ్లకు ఆయన గమనించినదేమిటంటే, వేర్వేరు జాతులవారు, మతాలవారు ఆ గదిలో చుట్టాల్లా అయిపోయారు, చెప్పిన నియమాలు ఒకరిని చూసి ఒకరు పాటిస్తున్నారు. ఇప్పుడు మనోవైద్యులు చేసే "గ్రూపు థెరపీ"కి ఆ టీబీ తరగతినే మొదలుగా చెబుతారు. ఒక చర్చి, ఒక డాక్టరు, ఒక నోటుపుస్తకం కలిసిన ఆ గది బొమ్మ మాకు ఎంతో ఇష్టం.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. ప్రార్థన వల్ల జబ్బు తగ్గుతుందని పరిశోధనలు చెప్పాయా?

ఇక్కడ మేము నిజమే చెప్పాలి. దీనిపై జరిగిన పెద్ద అధ్యయనాల్లో ఒకటి డాక్టర్ హెర్బర్ట్ బెన్సన్ బృందం 2006లో ప్రచురించింది. అమెరికాలో 6 ఆసుపత్రుల్లో గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మందిని మూడు భాగాలు చేశారు. ఒక భాగం కోసం దూరాన ఉన్న ప్రార్థన బృందాలు ప్రార్థించాయి, కాని ఆ సంగతి రోగులకు ఖచ్చితంగా తెలియదు. ఇంకొక భాగం కోసం ప్రార్థించలేదు, అదీ వారికి తెలియదు. ఈ రెండు భాగాల్లోనూ ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు దాదాపు సమానం: 52 శాతం, 51 శాతం. మూడో భాగానికి "మీ కోసం ప్రార్థిస్తున్నారు" అని ముందే చెప్పారు. వారిలో ఇబ్బందులు 59 శాతం! ఎందుకలా అని పరిశోధకులే తలలు పట్టుకున్నారు. "నా కోసం ప్రార్థన బృందాన్నే పిలిచారంటే నా పరిస్థితి అంత చెడిపోయిందా" అని రోగులు భయపడి ఉండవచ్చని కొందరు ఊహించారు. విశ్వాసులమైన మాకు ఈ ఫలితం చూసి బాధ కలగలేదు. దేవుణ్ణి తూకంలో పెట్టి చూడడం మా పని కాదు. ఒక విషయం మాత్రం నేర్చుకున్నాము. మంచం మీద ఉన్నవారి దగ్గరికి పదిమంది ఒక్కసారిగా వెళ్లి గట్టిగా ప్రార్థిస్తే ఆ మనిషి గుండె ఝల్లుమనవచ్చు. అందుకే ఇప్పుడు ముందుగా అడుగుతాము, "మీ కోసం ప్రార్థించమంటారా?" అని. వద్దంటే పక్కన కాసేపు కూర్చొని వస్తాము.

ముఖాముఖి కలిసి కూర్చొనే గుంపుల సంగతి వేరు. వ్యాధి ముదిరిన రొమ్ము క్యాన్సర్ రోగులు వారానికోసారి కలిసి మనసు విప్పి మాట్లాడుకుంటే వారు ఎక్కువకాలం బతికారని 1989లో డాక్టర్ డేవిడ్ స్పీగెల్ అమెరికాలో చెప్పారు. అందరూ సంతోషించారు. కాని 2001లో కెనడాలో 235 మంది స్త్రీలతో చేసిన అధ్యయనంలో ఆయుష్షు పెరిగినట్టు కనబడలేదు. అయితే అందులోనే తేలిన ఇంకో మాట ఉంది. గుంపులో కూర్చున్నవారిలో, ముఖ్యంగా అప్పటికే దిగులుతో ఉన్నవారిలో, మనోవేదన తగ్గింది. నొప్పి కూడా తక్కువ అనిపించింది. అవి ప్రార్థన గుంపులు కావు, నిజమే. అయినా మా వరండాలో మేము రోజూ చూసేదానికి ఇవి దగ్గరగా ఉన్నాయి. రోజులు పెరుగుతాయని మేము మాట ఇవ్వలేము. ఉన్న రోజులు కొంచెం తేలికగా గడుస్తాయని మాత్రం చెప్పగలము.

ధ్యానం గురించి కూడా ఒక మాట. ఇటలీలోని పావియాకు చెందిన డాక్టర్ లుచియానో బెర్నార్డి బృందం 2001లో ఒక ముచ్చటైన అధ్యయనం ప్రచురించింది. 23 మంది ఆరోగ్యవంతుల చేత కతోలికులు జపమాలతో చెప్పే మరియమ్మ ప్రార్థనను లాటిన్‌లో చెప్పించారు, తర్వాత ఒక బౌద్ధ మంత్రాన్ని జపింపజేశారు. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి సుమారు 6 సార్లకు దిగింది. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాము. శ్వాస అలా నెమ్మదించినప్పుడు రక్తపోటునూ గుండె కొట్టుకోవడాన్నీ సరిచేసుకొనే శరీరపు ఏర్పాటు ఇంకా చురుగ్గా పనిచేసింది. లాటిన్ ఏమిటి, సంస్కృతం ఏమిటి! తస్బీ తిప్పేవారూ, రామనామం అనుకొనేవారూ, కీర్తన మెల్లగా పాడుకొనేవారూ తెలియకుండానే తమ ఊపిరిని నెమ్మది చేసుకుంటున్నారన్నమాట. దీనివల్ల బీపీ మాత్ర మానేయవచ్చని ఎవరూ అనుకోవద్దు. ఆపరేషన్ ముందురోజు రాత్రి నిద్రపట్టనివారికి ఇది ఉపయోగపడుతుందని మాత్రం మా సిస్టర్లు చెబుతారు.

ఇప్పుడు చేదు సంగతి. కొన్నేళ్ల కిందట టీబీతో ఒక యువతి మా దగ్గర మందులు వాడుతుండేది. టీబీకి మామూలుగా ఆరు నెలల చికిత్స, మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, ఆపై నాలుగు నెలలు మూడు. కొద్ది వారాల్లోనే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒళ్లు చేసింది. అప్పుడే ఒక స్వస్థత కూటానికి వెళ్లింది. వేదిక మీదికి పిలిచి సాక్ష్యం చెప్పించారు. "నీకు స్వస్థత కలిగింది, ఇక మాత్రలు వేసుకుంటే అవిశ్వాసమే" అన్నారట. మూడో నెలలో మానేసింది. తిరిగి వచ్చేసరికి మందులకు లొంగని టీబీ. తగ్గడానికి మొదటిసారి కంటే ఎంతో ఎక్కువ కాలం పట్టింది. ఆ మాట అన్నవారు ఆమెకు చెడు జరగాలని అనలేదు. కాని దగ్గు తగ్గడం వేరు, క్రిములు చావడం వేరు. దగ్గు తగ్గినా ఊపిరితిత్తుల్లో కొన్ని క్రిములు నెలల తరబడి మిగిలే ఉంటాయి. మందు మధ్యలో ఆపితే మిగిలిన మొండివే మళ్లీ పెరుగుతాయి. బైబిలులో హిజ్కియా రాజు కథ చదివినవారు గుర్తు తెచ్చుకోండి. ఆయన కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద పెట్టించాడు. ముందు ఒంటెను కట్టేసి తర్వాత అల్లా మీద భారం వెయ్యమన్న మాట మా ముస్లిం సోదరులకూ తెలిసినదే.

తప్పు బయటివారిదే అని చెప్పి మేము తప్పించుకోలేము. ఒకప్పుడు మా సొంత కూడికలో ప్రార్థన మనవులు నల్లబల్ల మీద రాసేవాళ్లం. ఎవరికి ఏ జబ్బో పేరుతో సహా! ప్రేమతోనే రాశాము. ఆ బల్ల చూసిన ఒకరి నోట ఒక కుర్రవాడి జబ్బు సంగతి అతని బస్తీకి చేరింది. ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. అతను మళ్లీ మా దగ్గరికి రాలేదు. హెచ్‌ఐవీ ఉన్నవారి సంగతి వారి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది, 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. మాకు చట్టం కంటే ముందే బుద్ధి వచ్చి ఉండవలసింది. ఇప్పుడు మనవి చెప్పేవారు జబ్బు పేరు చెప్పనవసరం లేదు. "ఒక బిడ్డ కోసం" అంటే చాలు.

ఇంకొక హాని ఉంది, అది చాలా మెత్తగా జరుగుతుంది. "నీకు విశ్వాసం చాలలేదు, అందుకే తగ్గలేదు" అనే మాట. యోబు స్నేహితులు మొదట ఏడు రోజులు నేల మీద అతని పక్కన మౌనంగా కూర్చున్నారు. అది వారు చేసిన మంచి పని. నోరు తెరిచి తప్పు యోబుదే అని మొదలుపెట్టాకే కథ చెడింది, చివరకు దేవుని కోపం వారి మీదికి వచ్చింది. మార్కు సువార్త రెండవ అధ్యాయంలో పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చి, కప్పు విప్పి దించుతారు. అక్కడ రోగి ఒక్క మాట మాట్లాడడు. యేసు చూసింది మోసినవారి విశ్వాసాన్ని కూడా. మంచం మీద ఉన్నవానికి విశ్వాసం ఎంత ఉందో కొలవడానికి మనమెవరము? ఆ రోజు మంచం మోయడానికి మనుషులు ఉన్నారు, అది చాలింది.

మీ ఇంటి దగ్గరో, సంఘంలోనో ఇలాంటి కూడిక పెట్టాలనుకుంటే, మా అనుభవంలో కొన్ని సంగతులు పనికివస్తాయి. ఎనిమిది, పది మందికి మించకపోతే అందరికీ మాట్లాడే వీలుంటుంది. అరగంట చాలు, రోగి త్వరగా అలసిపోతాడు. మైకు వద్దు. మౌనంగా కూర్చొనేటప్పుడు వీపుకు ఆనుడు ఉండాలి, పడుకొని అయినా ఫరవాలేదు. ఊపిరి మెల్లగా తీసి అంతకంటే మెల్లగా వదలాలి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు ఊపిరి బిగబట్టవద్దు. తల తిరిగినట్టుంటే మామూలుగా ఊపిరి తీసుకోవాలి. దగ్గు ఉన్నవారు, ముఖ్యంగా టీబీ మందులు మొదలుపెట్టి కొద్ది వారాలే అయినవారు, మాస్కు వేసుకొని ఆరుబయట లేదా గాలి ఆడే చోట కూర్చోవాలి. తలుపులు మూసిన గదిలో పాటలు పాడితే క్రిములు గాలిలో వ్యాపిస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి చర్చీలు, మసీదులు, గుళ్లు అన్నీ మూతపడినప్పుడు ఈ పాఠం అందరికీ వచ్చింది. అప్పుడు మా కూడిక ఫోనులో నడిచింది. సిగ్నల్ అందక సగం ప్రార్థన సగంలోనే తెగిపోయేది, అయినా అవతలి గొంతు వినబడితే చాలని ఎదురుచూసేవారు.

రంజాన్‌లో ఉపవాసం ఉండదలచిన షుగర్ రోగులు, టీబీ రోగులు నెల మొదలవకముందే డాక్టర్ గారిని కలవండి. కొందరికి మందుల వేళలు సహరీకి, ఇఫ్తార్‌కు మార్చవచ్చు, కొందరు ఉండకూడదు. రోగులకు ఉపవాసం నుంచి ఖురానులోనే సడలింపు ఉంది. నవరాత్రికీ, శ్రమకాలానికీ ఉపవాసం ఉండేవారికి కూడా ఇదే మనవి.

కూడికలో కూర్చున్నా దిగులు తీరక, నిద్ర లేక, బతుకు మీద విరక్తి మాటలు మాట్లాడేవారు ఉంటారు. వారికి ప్రార్థన ఒక్కటే సరిపోదు, మనోవైద్యుని సాయం కావాలి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. అలాంటివారిని ఒంటరిగా వదలకుండా ఎవరో ఒకరు వెంట ఉండి ఆసుపత్రికి తీసుకురండి.

మొన్న ఆ తాడ్‌బన్ పెద్దావిడ మళ్లీ వచ్చింది, ఈసారి తన మోకాళ్ల కోసం. మనవడు ఇప్పుడు బడికి వెళుతున్నాడట. చీటీ రాయించుకొని నేరుగా వరండాకు వచ్చి, తన పాత కుర్చీ ఎక్కడ అని అడిగింది. ఆ పక్కనే డయాలసిస్ నుంచి వచ్చిన ఒక అన్న కళ్లు మూసుకొని కూర్చున్నాడు. ఆయన వారానికి మూడుసార్లు వస్తాడు, ఇక రావడమే ఆయన జీవితం. ఆవిడ ఆయన్ని పేరైనా అడగలేదు. సంచిలోంచి ఒక ఖర్జూరం తీసి ఆయన చేతిలో పెట్టబోయింది. డైటు సిస్టరు చూసి, "అమ్మీ, ఆయనకు అది పెట్టకూడదు" అని పరుగున వచ్చింది. ముగ్గురూ నవ్వారు.

వరండా కూడిక రోజూ సాయంత్రం 6 గంటలకు. సాయంత్రపు మాత్రలు 5:30కి ఇస్తారు. దయచేసి మాత్రలు వేసుకొని రండి.